యూకేజీ పిల్లలూ, లైబ్రరీ పీరియడూ: సౌదీ నుంచి ఒక చిన్న చరిత్ర

సౌదీ అరేబియా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి చమురు, ఎండ, హజ్ యాత్ర, ఆ తర్వాత దుబాయ్. (దుబాయ్ సౌదీలో లేదని ఎన్నిసార్లు చెప్పినా మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు.) పదిహేనేళ్ళుగా ఇక్కడి తూర్పు ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న నన్ను ఈ ప్రత్యేక సంచికకి ఏదైనా రాయమన్నప్పుడు సంపాదక మిత్రులు కూడా చమురు గురించే ఆశించి ఉంటారు. దాని గురించి రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది వారానికి ఒక్కసారి, ముప్పై అయిదు నిమిషాలు మాత్రమే ఉండే ఒక వ్యవహారం గురించి. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో యూకేజీ పిల్లల లైబ్రరీ పీరియడ్. ఇంకా చదవడం రాని పిల్లలకి లైబ్రరీ ఎందుకండీ అని మీరు అడగొచ్చు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

ముందు ఈ స్కూళ్ళు ఎలా వచ్చాయో రెండు మాటలు. 1938 మార్చిలో ధహ్రాన్ దగ్గర ఏడో నంబరు బావిలో చమురు పడింది. ఆ తర్వాత చాలాకాలం ఈ దేశానికి పనికోసం వచ్చిన మనదేశం వాళ్ళలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్ళే. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. 1975లో జుబైల్, యాన్‌బూ పారిశ్రామిక నగరాల కోసం రాయల్ కమిషన్ ఏర్పడింది. అప్పట్నుంచి ఇంజనీర్లు, డాక్టర్లు, నర్సులు, అకౌంటెంట్లు పెళ్ళాం పిల్లల్తో సహా దిగడం మొదలైంది. జెద్దాలో ఇండియన్ స్కూలు 1969లోనే పుట్టింది. రియాద్‌లో, దమ్మామ్‌లో 1982లో వచ్చాయి. సిలబస్ సి.బి.ఎస్.ఇ., పెద్దరికం మన రాయబార కార్యాలయానిది, అనుమతి సౌదీ విద్యాశాఖది, నిర్వహణ తల్లిదండ్రుల్లోంచి ఏర్పడే కమిటీది. మన దేశపు పంచాయితీలన్నీ ఆ కమిటీ ఎన్నికల్లో చూడొచ్చుగానీ, ఆ కథ వేరు.

ఈ దేశపు పద్ధతి ప్రకారం స్కూళ్ళలో మగపిల్లలు వేరు, ఆడపిల్లలు వేరు. కిండర్‌గార్టెన్‌కి మాత్రం ఈ నియమం లేదు. అక్కడ అందరూ కలిసే కూర్చుంటారు, చెప్పేవాళ్ళందరూ ఆడవాళ్ళే. అంచేత యూకేజీ లైబ్రరీ గది అంటే ఒకే తివాచీ మీద అబ్బాయిలూ అమ్మాయిలూ, మలయాళం, ఉర్దూ, తమిళం, తెలుగు, హిందీ ఇళ్ళ పిల్లలూ కలిసి కూర్చునే చోటు.

ఆ గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. పిల్లలు చేతులు తుడుచుకుని వరసగా లోపలికొస్తారు. టీచరు ఒక బొమ్మల పుస్తకం అందరికీ కనపడేలా పట్టుకుని అట్ట చూపించి, లోపల ఏం ఉంటుందో చెప్పండి అంటుంది. అందరూ ఒకేసారి అరుస్తారు. ఇది అట్ట, ఇది వెన్ను, ఇది పేరు, ఈ కథ రాసినది ఫలానావారు, బొమ్మలు వేసినది ఫలానావారు. పుస్తకాలు చెట్లకి కాయవనీ, వాటిని ఎవరో మనుషులు కూర్చుని రాస్తారనీ పిల్లలకి తెలిసేది ఇక్కడే. పేజీని పై మూలన పట్టుకుని తిప్పాలి. వేలు నోట్లో తడిపి తిప్పకూడదు. (ఈ పాఠం మా నాన్నగారికి ఎవరూ చెప్పలేదు.) అరలోంచి పుస్తకం తీసేటప్పుడు ఆ ఖాళీలో రంగు పలక ఒకటి పెట్టాలి, తిరిగి పెట్టేటప్పుడు పలక తీసి పుస్తకం పెట్టాలి. ఒక వస్తువుకి ఒక చిరునామా ఉంటుందనే సంగతి అయిదేళ్ళ పిల్లకి ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. మాలాంటివాళ్ళకి అది అర్థం కావడానికి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం దాకా పట్టింది.

చివరి పది నిమిషాలు ఎవరికిష్టమైన పుస్తకం వాళ్ళు తీసుకుని 'చదవడం'. ఒకడు తలకిందులుగా పట్టుకుని చదువుతాడు. ఒకమ్మాయి తనకి తోచిన కథ తాను చెప్పేసుకుంటుంది. అది ఆట కాదని రుజువు చేసినావిడ న్యూజీలాండ్‌కి చెందిన మేరీ క్లే. పిల్లలు అక్షరాలు నేర్వకముందే పుస్తకం గురించి ఎన్నో సంగతులు తెలుసుకుంటారనీ, ఆ తెలివిడి ఉన్నవాళ్ళకి చదువు సులువవుతుందనీ ఆవిడ గమనించారు. దాన్ని పరీక్షించడానికి 1972లో 'ఇసుక' అనే చిన్న పుస్తకం తయారుచేశారు. (పేరు మా దేశానికి అతికినట్టు సరిపోతుంది.) అందులో కావాలనే కొన్ని బొమ్మలు తిరగేసి, కొన్ని వాక్యాలు తారుమారు చేసి ఉంటాయి. పుస్తకం పిల్లవాడి చేతికిచ్చి, ముందువైపు ఏది, చదవడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, బొమ్మ చదువుతామా అక్షరాలు చదువుతామా, ఇటు చివరికొచ్చాక ఎటు వెళ్ళాలి అని అడుగుతారు. మనకి ఇవి ప్రశ్నలుగానే తోచవు. అయిదేళ్ళవాడికి ఇవే అసలు పాఠాలు.

సౌదీలో ఈ పాఠానికి ఒక మెలిక ఉంది. ఇంగ్లీషు, హిందీ పుస్తకాలు ఎడమ నుంచి కుడికి. అరబిక్, ఉర్దూ పుస్తకాలు కుడి నుంచి ఎడమకి. మనకి వెనక అట్ట అనిపించేది వాటికి ముందు అట్ట. అమెరికాలో యూకేజీ పిల్ల ఒక్క దిశ నేర్చుకుంటే చాలు, ఇక్కడి పిల్ల పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందు అది ఏ భాషదో గుర్తుపట్టాలి, ఆ తర్వాతే ఎటు నుంచి తెరవాలో తేల్చుకోవాలి. పైగా అరబిక్‌లో అక్షరాలు కుడి నుంచి వచ్చినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి పెద్ద స్థానంతో మొదలవుతాయి. ఆ అంకెల్ని అరబ్బులు 'హిందీ అంకెలు' అంటారు, మన దగ్గర్నుంచి వెళ్ళినవని. ఈ రెండు దిశల్నీ ఒకే వాక్యంలో ఎలా చూపించాలో కంప్యూటర్‌కి చెప్పడానికి యూనికోడ్‌వాళ్ళు పెద్ద సూత్రావళే రాశారు. దానితో కుస్తీపట్టిన రాత్రులు నాకు గుర్తే. యూకేజీ పిల్లలు మాత్రం ఒక నెలలో పట్టేస్తారు.

మరి తెలుగు పుస్తకం ఎటునుంచి తెరుస్తారు? ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు చాలామందికి ఆ ప్రశ్న ఎదురే కాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అమ్మమ్మతో ఫోన్లో తెలుగే. కానీ అరమీద ఆ భాష కనపడదు. నేను చూసిన ఒక స్కూలు లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకాలు బోలెడు, హిందీవి ఓ మోస్తరు, అరబిక్, ఉర్దూ, మలయాళం తలా ఒక వరస. తెలుగు ఒక్కటీ లేదు. దీనికి స్కూలుని తప్పుపట్టి లాభం లేదు. మలయాళీలు అడిగారు, తెచ్చి ఇచ్చారు. వాళ్ళకి 'మలయాళం మిషన్' అని కేరళ ప్రభుత్వమే నడిపే సంస్థ ఉంది, సౌదీలో కూడా పిల్లలకి క్లాసులు పెడుతుంది. మనం అడగలేదు. 'రేపో మాపో వెళ్ళిపోయేవాళ్ళం కదా' అనుకుంటూ ఇరవయ్యేళ్ళు గడిపేసిన కుటుంబాలు నాకే ఎన్నో తెలుసు.

అయిదేళ్ళ పిల్ల లైబ్రరీలో ఏం నేర్చుకుంటుందంటే నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే: ఏయే భాషలకి పుస్తకాలుంటాయో నేర్చుకుంటుంది. ఏ భాష అరమీద లేదో అది వంటింటి భాష అని, ఎవరూ చెప్పకుండానే తేల్చేసుకుంటుంది.

చదవడం రానివాళ్ళకి పుస్తకం చూపించాలనే ఆలోచన కొత్తదేం కాదు. 1658లో కొమీనియస్ అనే చెక్ దేశపు పండితుడు బొమ్మలతో పాఠ్యపుస్తకం వేశాడు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల బడి పెట్టి, 1840లో దానికి 'పిల్లల తోట' అని అర్థం వచ్చే కిండర్‌గార్టెన్ పేరు పెట్టాడు. అయితే ఆయన తోటలో పాటలూ, చెక్కముక్కలూ ఎక్కువ, లైబ్రరీ లేదు. లైబ్రరీలకి పిల్లలంటే అప్పట్లో భయం. అమెరికాలో 1896లో బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలో పిల్లల గదిని చేపట్టిన ఆన్ కారల్ మూర్ ఈ భయం పోగొట్టిన వాళ్ళలో ముఖ్యురాలు. 1906లో ఆవిడ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి వచ్చాక, పుస్తకం ఇంటికి తీసుకెళ్ళే పిల్లవాడు దాన్ని జాగ్రత్తగా చూసుకుంటానని పెద్ద రిజిస్టరులో సంతకం చెయ్యాలని పద్ధతి పెట్టారు. వయసు ఎంతని కాదు, తన పేరు తాను రాయగలిగితే చాలు. మన యూకేజీ పిల్లలు వంకరటింకరగా పేరు రాసి పుస్తకం పుచ్చుకోవడం చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తారు.

మన దేశంలో బరోడా మహారాజు శాయాజీరావు 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే లైబ్రేరియన్‌ని పిలిపించి సంస్థానమంతా గ్రంథాలయాలు పెట్టించాడు, పిల్లలకి విడిగా ఏర్పాట్లు కూడా చేయించాడు. మనం కూడా వెనకబడలేదు. విజయవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వచ్చింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణంగారి బృందం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువమీద పడవలో పుస్తకాలు పంపింది. పడవ ఆగిన చోటల్లా జనం వచ్చి పుస్తకాలు మార్చుకునేవారు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే మనిషి దగ్గరికి పుస్తకం వెళ్ళాలన్నది వాళ్ళ పట్టుదల.

అయితే సౌదీలో ఉన్న మనకి వీటికన్నా దగ్గర ఉదాహరణ హైదరాబాదుది. నిజాం రాజ్యంలో జనాభాలో ఎక్కువమంది మాతృభాష తెలుగు, పై చదువులు ఉర్దూలో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనా భాషా ఉర్దూనే. ఆ పరిస్థితుల్లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగార్లు మొదలైనవారు కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. పేర్లు చూడండి. పుస్తకాల నిలయం అనలేదు, భాషానిలయం అన్నారు. బడిలో చోటు దొరకని భాషకి అక్కడ ఇల్లు కట్టారు. సౌదీకి వచ్చిన తెలుగువాళ్ళలో కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్ వాళ్ళు ఎంతమందో. ఉర్దూ బడిలో చదివి తెలుగు గ్రంథాలయంలో తెలుగు నేర్చుకున్న తాతలు వాళ్ళలో చాలామంది ఇళ్ళలోనే ఉండి ఉంటారు.

ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. మన గ్రంథాలయోద్యమం పెద్దవాళ్ళ కోసం, చదవడం వచ్చినవాళ్ళ కోసం, ఎవరైనా చదివి వినిపిస్తే వినగలిగినవాళ్ళ కోసం. పిల్లల పక్షాన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నిలబడ్డారు. 1940లో బాలానంద సంఘం, 1945లో 'బాల' పత్రిక. 1947 జులైలో చందమామ వచ్చింది. కానీ ఇవన్నీ ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళవి. చందమామ కథ అయిదేళ్ళ పిల్లకి కావాలంటే పక్కన బామ్మో, తాతయ్యో ఉండాలి. పేజీకి ఒక వాక్యం, మిగతా అంతా బొమ్మ ఉండే పుస్తకం తెలుగులో చాలాకాలం అపురూపం. నా ఈడువాళ్ళకి అలాంటివి దొరికింది మాస్కో నుంచి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల వాళ్ళు తెలుగులోకి మార్పించి పంపినవి. అక్కడ కూర్చుని అనువాదాలు చేసినవాళ్ళలో ఉప్పల లక్ష్మణరావుగారు ఒకరు. విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో రెండు మూడు రూపాయలకి నున్నటి కాగితం, రంగు బొమ్మలు. ఎలుగుబంట్లూ, మంచూ, పొడుగు టోపీలూ మన ఎండల్లో కూర్చుని చూశాం. మన అయిదేళ్ళ పిల్లలకి బొమ్మల పుస్తకం వేసిపెట్టింది ఇంకో దేశం. గర్వపడాలో సిగ్గుపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సౌదీకి తెలుగు పుస్తకాలు రావడం వెనకటి రోజుల్లో అంత సులువు కాదు. 1980లు, 90లలో విమానాశ్రయంలో సామానుతోపాటు అచ్చు కాగితాలూ తనిఖీ అయ్యేవి. అట్టమీద దేవుళ్ళ బొమ్మలుంటే వెంట తేవడానికి మనవాళ్ళు జంకేవారు. పిల్లల పత్రికల్లో దేవుడి బొమ్మ లేని సంచిక దొరకడం కష్టమాయె. అంచేత పెట్టెలో పచ్చళ్ళకి చోటు దొరికింది, పుస్తకాలకి దొరకలేదు. ఇప్పుడా భయం లేదు. పెట్టెలో చోటు మాత్రం ఇప్పటికీ పచ్చళ్ళదే.

ఇక ఇక్కడి అరబ్ పిల్లల సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. జెద్దాలో రాణి ఇఫ్ఫత్ 1955లో 'దార్ అల్ హనాన్' బాలికల పాఠశాల పెట్టించేదాకా ఆడపిల్లలకి బడి అన్నది ఇక్కడ చాలా అరుదు. ప్రభుత్వ బాలికల పాఠశాలలు 1960లో మొదలయ్యాయి. అక్కణ్ణుంచి ఎంత దూరం వచ్చారో చూడాలంటే ధహ్రాన్‌లో అరామ్‌కోవాళ్ళు కట్టిన 'ఇథ్రా' కేంద్రానికి వెళ్ళాలి. 2018లో ప్రజలకి తెరిచారు. అందులో అంతస్తులకొద్దీ లైబ్రరీ, చిన్నపిల్లల కోసం విడిగా మ్యూజియం ఉన్నాయి. సెలవురోజు సాయంత్రం బుర్ఖాల తల్లులు, తెల్ల తోబుల తండ్రులు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపిస్తుంటారు.

అక్కడ నేను గమనించినదొకటి. వాళ్ళు ఇంట్లో మాట్లాడే అరబిక్ వేరు, పుస్తకంలో ఉండే అరబిక్ వేరు. పుస్తకాల భాషని 'ఫుస్‌హా' అంటారు. వ్యాకరణం, మాటలు, చివరికి కొన్ని ధ్వనులు కూడా తేడా. అయిదేళ్ళ అరబ్ పిల్లకి ఆ భాష మొదట వినపడేది కథలోనూ, ప్రార్థనలోనూ, కార్టూన్లలోనూ. అందుకని వాళ్ళ టీచర్లకి కిండర్‌గార్టెన్‌లో కథ చదివి వినిపించడం కాలక్షేపం కాదు, రేపు ఒకటో తరగతిలో ఎదురయ్యే భాషకి చెవిని అలవాటు చెయ్యడం. మనకి ఈ గొడవ కొత్తదా? గిడుగు రామమూర్తిగారు గ్రాంథికం మీద పోరాడింది ఇందుకే కదా, పిల్లవాడు ఇంట్లో పలికే తెలుగే పుస్తకంలోనూ ఉండాలని. ఆయన గెలిచారు. ఇవాళ మన పిల్లల పుస్తకం తెరిస్తే ఇంటి తెలుగే ఉంటుంది. అరబ్ తల్లికి లేని సదుపాయం అది. ఉన్న సదుపాయాన్ని వాడుకోకపోవడం మన ప్రత్యేకత.

వాడుకోకపోతే నష్టమేమిటని అడిగేవాళ్ళకి 2017 చూపించొచ్చు. ఆ సంవత్సరం జులైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యుల మీద తలకి నెలకి 100 రియాళ్ళ రుసుము పెట్టింది. ఏటేటా 100 పెంచుకుంటూ 2020కి 400 చేసింది. భార్యా, ఇద్దరు పిల్లలు ఉన్నవాడికి నెలకి 1200. లెక్కలు వేసుకుని కుటుంబాల్ని ఇంటికి పంపేసినవాళ్ళు మా చుట్టుపక్కలే ఎందరో. 'రేపో మాపో' అనుకున్నది నిజంగానే వచ్చింది. సరిగ్గా అప్పుడే, 2018లో, తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి పది దాకా అన్ని బళ్ళలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది, సి.బి.ఎస్.ఇ. బళ్ళు కూడా అందులోకే వస్తాయి. చట్టం మంచిదే. కానీ రియాద్‌లోనో జుబైల్‌లోనో మూడో తరగతి దాకా చదివి హైదరాబాదులో దిగిన పిల్లవాడి సంగతి ఆలోచించండి. తెలుగు గడగడా మాట్లాడతాడు, 'అ' కి 'ఆ' కి తేడా తెలియదు. తరగతిలో తన భాషలో తానే వెనకబెంచీ. అరబిక్ అక్షరాలు మాత్రం చక్కగా కూడబలుక్కుని చదువుతాడు. అవి అరమీద ఉన్నాయి కాబట్టి.

అమెరికాలో మీకు 2007 నుంచీ మనబడి ఉంది, వారాంతాల్లో వేలమంది పిల్లలు అక్షరాలు దిద్దుతున్నారు. మెచ్చుకోవాల్సిందే. అయితే నా అభిప్రాయం ఒకటి చెప్పనివ్వండి. మనం ఎక్కడున్నా అక్షరమాలతో మొదలుపెడతాం, పుస్తకం చివర్లో బహుమతిగా ఇస్తాం. యూకేజీ టీచర్లు చేసేది దానికి తలకిందులు. ముందు పుస్తకం, అక్షరాలు తర్వాత. అయిదేళ్ళ పిల్లకి యాభై ఆరు అక్షరాలు అక్కర్లేదు. తన ఊళ్ళో గేదె, తన అమ్మమ్మ ఇంట్లో రోలు ఉన్న బొమ్మ ఒకటి, కింద ఒక వాక్యం, అది చదివి వినిపించే మనిషి ఒకరు ఉంటే చాలు. ఇలాంటి పుస్తకాలు ఇప్పుడు తెలుగులో కరువు కూడా కాదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ 'స్టోరీవీవర్' 2015 నుంచి నడుస్తోంది, తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దింపుకుని అచ్చు వేసుకోవచ్చు. చెన్నై తూలికావాళ్ళవి, సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్‌వాళ్ళవి ఉన్నాయి. బరువు కూడా తక్కువే. ఒక కిలో ఆవకాయ బరువుకి పది పన్నెండు పుస్తకాలు వస్తాయి, తూచి చూశాను.

లైబ్రరీల్లో వాడే డ్యూయీ పద్ధతిలో ప్రతి భాషా సాహిత్యానికీ ఒక సంఖ్య ఉంది. అరబిక్‌ది 892.7. హిందీది 891.43. మలయాళానిది 894.812. తెలుగుది 894.827. ప్రపంచంలో ఏ దేశంలో ఆ పద్ధతి వాడే లైబ్రరీకి వెళ్ళినా అది మన చోటు, పుస్తకం ఉన్నా లేకపోయినా. ఇందాక చెప్పిన స్కూల్లో లైబ్రేరియన్ మేడమ్‌ని అడిగితే, పుస్తకాలు తెస్తే అర ఇస్తాననీ, పిల్లల గదిలో నంబర్లకి బదులు రంగు కాగితాలు అంటిస్తామనీ, ఏ రంగు కావాలో చెప్పమనీ అన్నారు. ఆకుపచ్చ అప్పటికే అరబిక్‌కి ఇచ్చేశారు. మా ఆవిడా, ఇంకో ఇద్దరు తల్లులూ కూర్చుని పసుపు అన్నారు. కిందటి సెలవులకి మూడు కుటుంబాలు కలిపి తెచ్చినవి నలభై ఒక్క పుస్తకాలు. అడుగు అరలో పెట్టారు, యూకేజీ పిల్లలకి అందే ఎత్తులో.